ఏటికి అవతల బొరియ

అనగనగా ఏటికి ఇవతల ఒక అడవి ఉండేది, పిల్లలూ. దాని పేరు ఇప్పకోన. ఏరు దాటి మూడు రోజులు నడిస్తే ఇంకో అడవి ఉండేది. దాని పేరు వెదురుకోన. ఇక్కడి రాజు వేరు, అక్కడి రాజు వేరు. ఇక్కడి కట్టుబాట్లు వేరు, అక్కడివి వేరు. మన కథ ఎక్కువగా ఇక్కడా జరగదు, అక్కడా జరగదు. మధ్యలో ఉన్న ఆ మూడు రోజుల నడకలోనే జరుగుతుంది. వింటుంటేనే కాళ్ళు లాగుతాయి. అందుకని కాస్త కాళ్ళు బారచాపుకుని కూర్చోండి.

ఇప్పకోనలో కాటమయ్య అని ఒక ముళ్ళపంది ఉండేవాడు. అతని భార్య ఈరమ్మ. పెళ్ళయిన ఏడే ఇద్దరూ కలిసి మూడు గదుల బొరియ ఒకటి తవ్వుకున్నారు. మట్టి గట్టిది. ఎంత వాన కురిసినా లోపల దుమ్ము రేగేది, తడి మాత్రం తగిలేది కాదు.

కాటమయ్యకి అడవిలో మంచి పేరుంది. ఎందుకో చెప్తాను. ముళ్ళపందులకి ఒక ఆచారం ఉంది. కొత్త బొరియలోకి అవి ముందుకి నడుస్తూ వెళ్ళవు. ఒంటిమీద ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ దిగుతాయి. ముళ్ళు రెండు పక్కల గోడల్నీ గీరుకుంటాయి. గట్టి మట్టయితే టిక్ టిక్‌మని చప్పుడొస్తుంది. ఇసుక మట్టయితే జరజరా రాలుతుంది. దీన్నే ముల్లు కొలత అంటారు. ఈ కొలతలో కాటమయ్యని మించినవాడు లేడు. ఎవరు బొరియ కొనుక్కున్నా ముందు అతన్ని పిలిచేవాళ్ళు. అతను దిగి వచ్చి "తీసుకో" అంటే తీసుకునేవాళ్ళు. "వద్దు" అంటే మరి ఆ దారి తొక్కేవాళ్ళు కాదు.

అలాంటి కాటమయ్యకి వయసు మీద పడుతోంది. దుంపలు తవ్వి తవ్వి గోళ్ళు అరిగాయి. పొద్దున లేస్తే నడుము పట్టేసేది. పైగా రాబోయే వానాకాలంలో ఈరమ్మకి పిల్లలు పుట్టబోతున్నారు.

"ఎల్లకాలం తవ్వలేనే," అన్నాడు ఒకరోజు. "ఒక బొరియ కొని అద్దెకిస్తే, పౌర్ణమి పౌర్ణమికీ దుంపలు వాటంతటవే వస్తాయి. కూర్చుని తినొచ్చు."

ఆలోచన మంచిదే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. అయితే ఇప్పకోనలో బొరియలు మహా ఖరీదు. వాగు దగ్గర చిన్న బొరియకి కూడా మూడు వందల దుంపలు అడుగుతున్నారు. ఐదేళ్ళు కడుపు మాడ్చుకుని కాటమయ్య దాచింది పాతిక ఎండు దుంపలు.

అప్పుడే పాలపిట్ట నీలవేణి వచ్చి కొమ్మ మీద వాలింది. పాలపిట్ట కనిపిస్తే శుభమంటారు కదా. ఆవిడ వ్యాపారానికి అదే పెట్టుబడి. బొరియలు కొనేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ కలపడం ఆవిడ పని.

వెదురుకోనలో రెండు గదుల బొరియ ఉందని, ఖరీదు వంద దుంపలేనని, అందులో పందికొక్కు ఎల్లవ్వ అద్దెకుంటోందని, పౌర్ణమికి ఎనిమిది దుంపలు ఠంచనుగా ఇస్తుందని నీలవేణి చెప్పింది. తన రెండు కళ్ళతో చూశానని కూడా చెప్పింది. చూసిన మాట నిజమే. కాకపోతే పైనుంచి ఎగురుతూ చూసింది.

కాటమయ్యకి ఆశ పుట్టింది. చేతిలో పాతిక ఉంది. ఇంకో డెబ్భై ఐదు అప్పు కావాలి.

ముందుగా చీమల పొదుపు సంఘానికి వెళ్ళాడు. దాని పెద్ద సిద్దమ్మ అనే ముసలి చీమ. ఆమె అతన్ని కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగింది. బొరియ ఎక్కడుందంది. అద్దె రాని రోజులకి మూడు పౌర్ణముల కిస్తీలు పక్కన పెట్టుకున్నావా అంది. నువ్వు స్వయంగా దిగి చూశావా అంది. ఏటి అవతల వెదురుకోనలో అని చెప్పాడు కాటమయ్య, మిగతా రెండింటికీ లేదన్నాడు.

"తమ్ముడూ, మా చీమల బారు ఏరు దాటదు," అంది సిద్దమ్మ. "రేపు ఆ బొరియ మునిగిందో తేలిందో చూసి రావడానికి మాకెవరున్నారు? మేం చూడలేనిదానికి మేం అప్పివ్వం. ఇక్కడే ఏదైనా చూసుకో, తప్పకుండా ఇస్తాం."

వేలెడంత లేదు, ఎన్ని మాటలో అని గొణుక్కుంటూ కాటమయ్య లేచి వచ్చేశాడు.

రెండోది వెదురుకోన తాబేలు తాత. ఆయన తక్కువ వడ్డీకే ఇస్తాడట. అయితే అప్పు తీసుకునేవాడు వచ్చి, ఆ బొరియలో ఒక వానాకాలం ఉండి చూడాలట. ఆ తర్వాతే మాటట. నీలవేణి ఈ సంగతి చెప్పి నవ్వింది. కాటమయ్య కూడా నవ్వాడు. వానాకాలమంతా ఆగితే ఆ బొరియ ఉంటుందా, ఎవరో ఒకరు ఎగరేసుకుపోరూ అనుకున్నాడు.

మూడోవాడు గుంటనక్క బుచ్చిలింగం. అతను ఇంటికే వచ్చాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"నువ్వు కొనేదాన్ని నేను చూడాలా బావా?" అన్నాడు. "అడవికంతటికీ బొరియలు చూసిపెట్టేవాడివి. నీకు నేను చెప్పేదేముంది? డెబ్భై ఐదూ ఇప్పుడే పట్టుకుపో. పౌర్ణమికి ఆరు చొప్పున పద్దెనిమిది పౌర్ణములు ఇస్తే చాలు. ఎనిమిది వస్తాయి, ఆరు నాకు పోతాయి, రెండు నీకు మిగులుతాయి. ఊరికే, మాటవరసకి నువ్వుంటున్న ఈ బొరియ తాకట్టు రాసివ్వు. వరసగా రెండు పౌర్ణములు తప్పితేనే ఇది నాదవుతుంది సుమా. నువ్వెక్కడ తప్పుతావులే."

ఇంకో మాట కూడా అన్నాడు. గుట్టమీది ముంగిస ఒకతను వంద దుంపలూ చేతిలో పట్టుకుని వెదురుకోనకి బయల్దేరాడట.

ఈరమ్మ లోపల్నుంచి అంతా వింది. నక్క అటు వెళ్ళగానే బయటికొచ్చింది.

"నువ్వు దిగి చూశావా?" అంది.

"పాలపిట్ట చూసింది కదే."

"పాలపిట్టకి ముళ్ళున్నాయా?"

 మూడు రోజులు నడిచి వెళ్ళి, వెనక్కి నడిచి చూసి, మళ్ళీ మూడు రోజులు నడిచి రావాలంటే కాటమయ్యకి ఒళ్ళు బరువనిపించింది. ఈలోగా ముంగిస కొనేస్తాడన్న భయం ఒకటి. అందరి బొరియలూ వెనక్కి దిగి చూసినవాడు, తన బొరియ దగ్గరికి వచ్చేసరికి చెవులతో చూశాడు. నక్క తెచ్చిన మోదుగాకు మీద గోటి ముద్ర వేశాడు.

నీలవేణి మధ్యనుండి బేరం కుదిర్చింది, బొరియ కాటమయ్యదైంది. సరే, ఇక నడక మొదలైంది.

మొదటి పౌర్ణమికి అద్దె తేవడానికి బయల్దేరాడు. ఈరమ్మ దారికి మూడు దుంపలు కట్టి ఇచ్చింది. ఎండాకాలం. దారంతా రాతిగుట్టలు. తవ్వితే గోళ్ళు అరుగుతాయి గాని దుంప దొరకదు. మూడు రోజులు నడిచి వెదురుకోన చేరాడు.

ఎల్లవ్వ గడప దగ్గరే కూర్చుని ఉంది. పందికొక్కులంటే తిండిపోతులని మనం అంటాం గాని, ఆవిడ లెక్కకి మనిషి కంటే మేలు. అడక్కముందే ఎనిమిది దుంపలు తెచ్చి అతని ముళ్ళకి గుచ్చింది.

"లోపలికొచ్చి చూసుకుంటావా అయ్యా?" అంది.

"ఇంకోసారి చూస్తాలే అవ్వా, పొద్దుపోతోంది," అన్నాడు కాటమయ్య. కాళ్ళు అంతగా గుంజుతున్నాయి.

తిరుగుదారిలో రోజుకొకటి చొప్పున మూడు దుంపలు తిన్నాడు. తినకపోతే నడవలేడు కదా. ఇల్లు చేరేసరికి ముళ్ళకి ఐదే ఉన్నాయి. నక్కకి ఆరు ఇవ్వాలి. ఈరమ్మ ఇంట్లోంచి ఒకటి తెచ్చి కలిపింది.

"ఎనిమిది తేవడానికి ఆరు తిన్నావు," అంది నెమ్మదిగా.

కాటమయ్య లెక్కంతా మనసులో మళ్ళీ వేసుకున్నాడు. ఎనిమిది, ఆరు, రెండు. ఎన్నిసార్లు వేసినా బాగానే వస్తోంది. ఆ లెక్కలో కాళ్ళు లేవు. కడుపూ లేదు. అలసిపోయి పడుకున్నాడు.

రెండో పౌర్ణమి నాటికి వానలు పట్టుకున్నాయి. ఏరు పొంగింది. ఒడ్డున ఒక రాయి కింద తడుస్తూ రెండు రోజులు కూర్చున్నాడు. ఏరు తగ్గాక ఈది, బురదలో పడుతూ లేస్తూ నడిచాడు. నడుస్తుంటే ఒంటిమీద ముళ్ళు ఒక్కొక్కటే ఊడి పడుతున్నాయి. ఒంట్లో సత్తువ తగ్గితే ముళ్ళపందులకి అంతే.

వెళ్ళి చూస్తే ఎల్లవ్వ తట్టా బుట్టా అన్నీ ముందు గదిలో పెట్టుకుని ముడుచుకుని కూర్చుంది. వెనక గది కప్పు కూలిపోయింది.

"అద్దె అవ్వా," అన్నాడు కాటమయ్య.

"అద్దె ఏం అద్దె అయ్యా? గది కూలితే బాగుచేసేదాకా అద్దె లేదు. బాగుచేసేది కూడా బొరియ గలవాడే. ఇది మా వెదురుకోన కట్టుబాటు. నీకు తెలీదా?"

కాటమయ్యకి తెలీదు. ఇప్పకోనలో అద్దెకున్నవాళ్ళే బాగుచేసుకుంటారు. ఎక్కడైనా అంతే అనుకున్నాడు. ఎవర్నీ అడగలేదు.

నాలుగు రోజులు ఆ మట్టి ఎత్తిపోశాడు. అరిగిన గోళ్ళు ఇంకా అరిగాయి. ఒకపక్క ఎత్తుతుంటే ఇంకోపక్క రాలుతోంది, వాన తడికిలే అనుకున్నాడు. ఎలాగో కప్పు నిలబెట్టి, ఉత్తచేతులతో బయల్దేరాడు. ఎల్లవ్వ వెనకనుంచి పిలిచి రెండు దుంపలు చేతిలో పెట్టింది.

"ఇది అద్దె కాదు, ఆకలికి," అంది.

ఇంటికొచ్చేసరికి పౌర్ణమి దాటి మూడు రోజులైంది. గుంటనక్క బుచ్చిలింగం గడప ముందు కూర్చుని గోళ్ళు నాక్కుంటున్నాడు. బొరియలోకి తొంగి చూస్తూ గదులు లెక్కపెడుతున్నాడు కూడా. ఈరమ్మ నిండు గర్భిణి. గుమ్మానికి అడ్డంగా కూర్చుంది, ముళ్ళు నిక్కబొడుచుకుని.

"ఒకటి తప్పింది బావా," అన్నాడు నక్క, ఎంతో జాలిగా. "రెండోది తప్పితే ఏమవుతుందో ఆకు మీద రాసే ఉంది. కానీ నిన్నలా చూడలేకపోతున్నాను. ఒక మాట చెప్తా విను. ఇంకో ఇరవై ఇస్తాను. అందులో ఆరు ఈ కిస్తీ కింద నేనే పట్టుకుంటాను. మిగతా పద్నాలుగుతో అక్కడ ఇంకో గది తవ్వించు. అద్దె ఎనిమిది కాస్తా పన్నెండవుతుంది. అన్నీ సర్దుకుంటాయి."

మోదుగాకు కొత్తది తెచ్చే పెట్టుకున్నాడు. కాటమయ్యకి ఒళ్ళంతా నొప్పులు. నిద్ర ముంచుకొస్తోంది. గోరు ఆకు మీద ఆన్చేస్తే ఈ పూటకి పడుకోవచ్చు. చెయ్యి చాచాడు కూడా. అప్పుడు ఈరమ్మ వంక చూశాడు.  ఆవిడ గుమ్మంలోంచి కదలలేదు.

"వచ్చే పౌర్ణమికి చెప్తాను," అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రెండు రోజులు మాత్రం ఒళ్ళు ఆనించాడు. మళ్ళీ బయల్దేరాడు. మూడోసారి. ఈసారి దారి వెతుక్కోవలసిన పని లేదు. కిందటిసారి ఊడిపోయిన తన ముళ్ళే దారి పొడుగునా పడి ఉన్నాయి. వాటిని చూసుకుంటూ నడిచాడు. ఇన్ని ముళ్ళు రాలాయా అనుకున్నాడు.

వెదురుకోన చేరాక అద్దె మాట ఎత్తలేదు. ఎల్లవ్వని కాస్త బయటికి రమ్మన్నాడు. బొరియ వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. మిగిలిన ముళ్ళు నిక్కబొడుచుకున్నాడు. వెనక్కి వెనక్కి నడుస్తూ దిగాడు. రెండు అడుగులు వేశాడో లేదో, జరజరా ఇసుక రాలి వీపు మీద పడింది. ఇంకో రెండు అడుగులు. మళ్ళీ జరజరా. నాలుగు అడుగుల్లో అంతా తెలిసిపోయింది. ఈ బొరియ ప్రతి వానకీ కూలుతుంది. ఎన్ని గదులు తవ్వితే అన్ని గదులూ కూలతాయి.

ఒళ్ళంతా ఇసుకతో బయటికి వచ్చి గడప దగ్గర కూలబడ్డాడు.

"ఈ పని ముందు చేసుంటే నీకు ఇంత నడక తప్పేది," అంది ఎల్లవ్వ, అతని పక్కనే కూర్చుంటూ.

"తప్పేది అవ్వా."

"అమ్మేస్తావా? యాభై ఇస్తాను."

కాటమయ్య తలెత్తి చూశాడు. "ఇసుక బొరియ అని తెలిసి కూడా ఎందుకు కొంటావు?"

"నాకు దీనితో అలవాటైపోయింది అయ్యా. కొంచెం రాలితే ఆ పూటే ఎత్తిపోసుకుంటాను. వెదురుబద్దలు అడ్డం పెట్టుకుంటాను. నీకైతే ఇక్కడ రాలిన సంగతి తెలిసేసరికి పౌర్ణమి వస్తుంది. అప్పటికి కప్పే ఉండదు. దగ్గరున్నదాన్ని కాబట్టి నాకు యాభైకి గిట్టుబాటు. దూరంగా ఉన్నావు కాబట్టి నీకు ఊరికే ఇచ్చినా దండగే."

వందకి కొన్నది యాభైకి. ఐదేళ్ళు దాచిన పాతికా పోయినట్టే. కాటమయ్య అరిగిపోయిన తన గోళ్ళవంక చూసుకున్నాడు. తర్వాత సరే అన్నాడు.

ఎల్లవ్వ తన నలుగురు కొడుకుల్నీ పిలిచింది. యాభై దుంపలూ మూటలు కట్టి వాళ్ళ వీపుల మీద పెట్టింది. ఆ తర్వాత ఇంకో మూట కట్టి కాటమయ్య చేతికిచ్చింది.

"ఇదేమిటి అవ్వా?"

"దారి బత్తెం. ఆరు రోజుల తిండి. మూటల్లోవి తినరు కదా మరి."

ఆ మాటకి కాటమయ్యకి ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. అతను మర్చిపోయిన లెక్క అదే. నలుగురు పందికొక్కులు మూడు రోజులు దుంపలు మోశారు. ఒక్కటి కూడా తగ్గలేదు.

పౌర్ణమికి పక్షం రోజుల ముందే ఇల్లు చేరారు. నక్క లెక్కకట్టి, అసలులో మిగిలిన అరవై తొమ్మిదికి తప్పిన కిస్తీ వడ్డీ మూడు కూడా వేసి, ఒక్కసారే మొత్తం తీరాలంటే డెబ్భై రెండు కావాలన్నాడు. యాభై ఉంది. ఇరవై రెండు తక్కువ. కొత్త ఆకు ఇంకా తన దగ్గరే ఉందని కూడా గుర్తుచేశాడు.

కాటమయ్య తల వంచుకుని చీమల సంఘానికి వెళ్ళాడు. సిద్దమ్మ ఏమంటుందోనని దారంతా సిగ్గుపడుతూనే ఉన్నాడు. జరిగిందంతా చెప్పాడు. సిద్దమ్మ "ఆనాడే చెప్పాను" అనలేదు. అలా అనడం సంఘం పద్ధతి కాదట.

"ఇరవై రెండూ ఇస్తాం," అంది. "నీ బొరియ మా హద్దులోదే. మేం రోజూ చూసేదే. నువ్వు పౌర్ణమికొక దుంప చొప్పున తీర్చు. అది కూడా కష్టమైతే, మేం అప్పిచ్చే బొరియలన్నీ ముల్లు కొలత వేసి చెప్పు. ఒక్కో పౌర్ణమి పని ఒక్కో దుంప కింద కట్టుకుంటాం."

ఆ రోజే నక్క బాకీ తీరింది. మోదుగాకు చింపేశారు. నక్క కొత్త ఆకు మడిచి చంకలో పెట్టుకుని ఇంకో గడప వెతుక్కుంటూ వెళ్ళాడు. మరో వారానికి ఈరమ్మకి తన సొంత బొరియలో, వెనక గదిలో, ఇద్దరు పిల్లలు పుట్టారు.

కాటమయ్య మాత్రం ఇరవై రెండు పౌర్ణములు పనిచేశాడు. రోజూ ఎవరిదో ఒక బొరియలోకి వెనక్కి దిగడం, మట్టి ఏమంటుందో చెప్పడం. కూర్చుని తిందామనుకున్నవాడు నిలబడే తిన్నాడు. ఎవరైనా వచ్చి, ఏటి అవతల చవగ్గా ఒక బొరియ ఉందట, కొనుక్కోనా అంటే వద్దనేవాడు కాదు. "ముందు వెళ్ళి దిగి చూసి రా. అక్కడి కట్టుబాటు అడుగు. దారి బత్తెం లెక్కలో వెయ్యి. అప్పటికీ మిగిలితే కొనుక్కో," అనేవాడు.

ఆఖరి దుంప తీరిన సాయంత్రం ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, వీపు తిప్పాడు. ముళ్ళు నిక్కబొడుచుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ తన బొరియలోకే దిగాడు. రెండు పక్కలా టిక్ టిక్‌మని చప్పుడైంది.

"మనింట్లోకి మనమే వెనక్కి రావడమేంటయ్యా?" అంది ఈరమ్మ. "ఏమంటోంది మట్టి?"

"మనదేనంటోంది," అన్నాడు కాటమయ్య. అని పిల్లల పక్కన వాలి, కళ్ళు మూసుకున్నాడు.

నీతి: దిగి చూడని ఇంటి కోసం ఉంటున్న ఇంటిని తాకట్టు పెట్టకూడదు.